విత్తనం కంటే ముందు లేచిన చెయ్యి

మా గూడేనికీ తారురోడ్డుకీ మధ్య ఒక వాగు ఉంది. ఎండాకాలంలో అది వట్టి ఇసుక. వానలు పడ్డాక మోకాలి లోతు, ఆ తర్వాత నడుము లోతు. గట్టి ముసురు పట్టిందంటే రెండు మూడు రోజులు ఎవరూ దాటరు. నాకు అక్షరాలు నేర్పిన ఆవిడ మా గూడెంలోనే పుట్టి, వాగు అవతలి ఊరికి కోడలిగా వెళ్ళింది. వారానికి మూడు మధ్యాహ్నాలు పలకల మూట నెత్తిన పెట్టుకుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని వాగు దాటి వచ్చేది. మా అంగన్‌వాడీ గది వరండాలో నిలబడి తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంటూ, "రాండ్రి, రాండ్రి. నా చీర ఆరేలోపు రెండక్షరాలన్న నేర్వాలె" అనేది. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. ఆవిడ నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను చెల్లె అనేది.

ఇళ్ళలో మేము మాట్లాడుకునే మాట వేరు. తెలుగు మాకు సంతలో, దవాఖానాలో, ఆఫీసుల ముందు పనికొచ్చే భాష. దాన్ని రాయడమంటే మరీ బెరుకు. పది పన్నెండు మంది ఆడవాళ్ళం గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం, ఎవరమూ నోరు విప్పేవాళ్ళం కాదు. అప్పుడు అక్క ఒక పద్ధతి పెట్టింది. తెలిస్తే చెయ్యెత్తాలి.

"తప్పయినా పర్లేదు, చెయ్యి మాత్రం లేవాలె. లేచిన చెయ్యిని నేను దించనియ్య" అంది.

మొట్టమొదట ఎత్తింది నేనే. అంతకుముందు ఆ చెయ్యి కొమ్మ వంచడానికో, చూరులో కొడవలి అందుకోవడానికో తప్ప పైకి లేచింది కాదు. అక్క బోర్డు మీద రాసింది 'వ' అని చెప్పాను. అది 'న'. అక్క నవ్వలేదు. "చెయ్యెత్తింది సూసిండ్రా? గట్ల ఎత్తాలె" అంది మిగతావాళ్ళతో. నా పేరు రాయడానికి నాకు నెల పట్టింది. ఆ తర్వాత ఒకరోజు బ్యాంకులో గుమాస్తా వేలిముద్రకని సిరా డబ్బా నా ముందుకు తోస్తే, నేను దాన్ని వెనక్కి తోసి పెన్ను అడిగాను. ఆ సంగతి అక్క చాలా రోజులు అందరికీ చెప్పుకుంది.

మా గూడెంలోని ఒక కట్టుబాటు గురించి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. తొలకరికి ముందు మేము విత్తనాల పండుగ చేసుకుంటాం. ఇంటికొక గుప్పెడు జొన్నలో, కందులో, వడ్లో తెచ్చి మా గూడెం దేవత అమ్మ ముందు కొత్త గంపలో కలుపుతారు. తర్వాత మోదుగాకు దొప్పల్లో తీసుకుని ఒకరి దోసిట్లో ఒకరు పోసుకుంటారు. ఎవరి చేతి విత్తనం మన దోసిట్లో పడిందో వాళ్ళ మాటకు ఆ పంట ఇంటికొచ్చేదాకా ఎదురు చెప్పకూడదు. తగువు ఉంటే పంట తర్వాతే. గింజ మొలిచే కాలంలో మనుషుల మధ్య కోపం ఉండకూడదని మా పెద్దలు పెట్టుకున్న నియమం. అయితే అమ్మ ముందు పెట్టిన విత్తనానికే ఆ కట్టు. పండుగ కాకముందు అది వట్టి గింజ. ఆకలైతే వేయించుకు తినొచ్చు.

మండల పరిషత్ ఎన్నికలు వచ్చినప్పుడు అక్క నన్ను కూడా నిలబడమంది. మా మండలంలో పదకొండు స్థానాలు. గెలిచిన పదకొండు మందీ ఒకచోట కూర్చుని, చేతులెత్తి అధ్యక్షురాలిని ఎన్నుకుంటారు. ఆ పదవి ఆసారి గిరిజన మహిళకు రిజర్వయింది. మా గూడెం ఉన్న స్థానమూ, పక్కనున్న అక్క స్థానమూ అట్లాగే అయ్యాయి.

"ఇన్నేండ్ల సంది ఏ పార్టోడన్న వాగు దాటి వచ్చిండా? రాలె. ఇగ మనమే దాటుదాం" అంది అక్క.

ఇద్దరం ఏ పార్టీ లేకుండా నిలబడ్డాం. ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పాం. వాగు మీద బ్రిడ్జి. ఇంకేమీ చెప్పలేదు, చెప్పడానికి మాకు ఇంకేమీ తెలియదు కూడా. ప్రచారం చివరి రోజున మా గూడెంలో తిరగడం అయ్యాక, అక్కను సాగనంపడానికి వాగు దాకా వెళ్ళాను. ఇసుకలో నడిమధ్య ఆగి అక్క నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లె, ఇద్దరం గెలిస్తె ఇద్దరిది ఒక్కటే చెయ్యి. నువ్వటు, నేనిటు అయితే బ్రిడ్జి రాదు. యాదుంచుకో."

"అవ్ అక్క" అన్నాను.

ఇద్దరమూ గెలిచాం. లెక్కింపు మండల కేంద్రంలో బడి భవనంలో జరిగింది. సాయంత్రానికి సంగతి తేలింది. ఒక పార్టీకి అయిదుగురు, ఇంకో పార్టీకి నలుగురు, ఏ పార్టీకీ చెందని మేమిద్దరం. అధ్యక్షురాలు కావాలంటే ఆరు చేతులు కావాలి. నలుగురున్న పార్టీవాళ్ళు అక్కడే అక్క దగ్గరికి వచ్చారు. మీరిద్దరూ మాతో కలిస్తే నువ్వే అధ్యక్షురాలివి, మొదటి మీటింగులో మొదటి తీర్మానం మీ బ్రిడ్జి, కావాలంటే కాగితం మీద రాసిస్తాం అన్నారు. అయిదుగురున్న పార్టీకి మా ఇద్దరిలో ఒక్కరు దొరికితే చాలు. ఆ లెక్క నాకు తెలుసు. తునికాకు కల్లంలో ఇరవై ఏళ్ళు కట్టలు లెక్కపెట్టిన దాన్ని.

గెలిచినట్టు ధ్రువపత్రం ఇచ్చే అధికారి నన్ను పిలిచి రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. బల్ల చుట్టూ చాలామంది మగవాళ్ళు. పెన్ను పట్టుకుని నా పేరుకెదురుగా గడి ఎక్కడుందో వెతుకుతున్నాను. వెనక నుంచి అక్క వచ్చి, "సార్, ఆమె మెల్లగ పెడ్తది సంతకం. ఈమధ్యనే నేర్సింది. జర ఆగండ్రి" అంది. గర్వంగా అంది. నేను నేర్చుకున్నానన్న సంతోషం ఆ గొంతులో ఉంది. అది నాకు ఇప్పుడు వినిపిస్తుంది. అప్పుడు వినిపించింది మాత్రం అక్కడి నవ్వు. "ఆగుతం తియ్యమ్మా, ఇంక అయిదేండ్లున్నది గద" అన్నాడెవరో. పోలీసాయన కూడా నవ్వాడు. నా సంతకం గడి దాటి బయటికి పోయింది.

బయటికి వచ్చాక అక్క, "నేను వీళ్ళతోని మాట్లాడి వస్త. నువ్వు ఆటో ఎక్కి ఇంటికి పో. ఎవరన్న పిలిస్తె పలకకు" అంది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పిందనుకున్నాను. ఇంకెట్లా చెప్పాలి ఆవిడ? కానీ అట్లా అనుకున్నాను.

గేటు దగ్గర ఒక పెద్ద కారు ఆగి ఉంది. దాని పక్కన మండల కేంద్రంలో విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణం యజమాని నిలబడ్డాడు. మేమంతా సేటు అంటాం. అయిదుగురున్న పార్టీని నడిపించేది ఆయనే.

"మేడం, నడుసుడెందుకు? కారున్నది. గూడెం దాకా దింపుతం."

నన్ను మేడం అని ఎవరైనా పిలవడం అదే మొదలు. ఆ కారు వాగు దాటదని, గూడెం దాకా పోదని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఎక్కాను.

కారు పాల్వంచ దాటింది. పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించినప్పుడు, "ఎటు పోతున్నం?" అని అడిగాను, అడగాలి కాబట్టి. "ట్రైనింగు మేడం. కొత్త మెంబర్లకు" అన్నాడు సేటు. ఆయన డ్రైవరు ఫోన్ చేసి మా ఇంటాయనకు కూడా అదే చెప్పాడు. ఆ తర్వాత ఫోన్లన్నీ ఒక సంచిలో వేసుకున్నారు.

సముద్రం ఒడ్డున ఒక హోటల్లో తొమ్మిది రోజులు ఉంచారు. ఆ పార్టీ మెంబర్లు అయిదుగురూ ఉన్నారు, కొందరి ఇళ్ళవాళ్ళు ఉన్నారు. ఆ అయిదుగురిలో సేటు లారీ నడిపే అతని భార్య ఒకామె, పాతికేళ్ళు ఉంటాయేమో, మా తెగ పిల్లే. అధ్యక్షురాలిగా నిలబెట్టేది ఆమెనే అని మొదటిరోజే తెలిసింది. ఎప్పుడూ భర్త వెనక కూర్చునేది.

సేటు నాకు డబ్బు ఇచ్చాడని తర్వాత కొందరు అనుకున్నారు. ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నన్ను కొన్నారని చెప్పుకునేదాన్ని, ఈ సిగ్గు కొంత ఆయన మీద వేసేదాన్ని. ఆయన చేసిందల్లా ఇది. మొదటిరోజు పొద్దున టిఫిన్ అయ్యాక పేపర్ నా చేతికిచ్చాడు.

"మేడం, నేను అద్దాలు మర్సిపోయి వచ్చిన. జర చదివి ఇనిపియ్యండ్రి."

నేను వేలు పెట్టి చదువుతాను. ఇప్పటికీ అంతే. ఒత్తు వస్తే ఆగుతాను, పెద్ద మాట వస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెడతాను. ఎక్కడో వరి కొనుగోళ్ళ గురించిన చిన్న వార్త చదవడానికి చాలాసేపు పట్టింది. చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎవరూ కదల్లేదు. ఎవరూ నవ్వలేదు. అయిపోయాక సేటు, "అబ్బ, ఎంత స్పష్టంగ చదివిండ్రు మేడం" అన్నాడు. నా జీవితంలో అంతమంది అంతసేపు నా మాట విన్నది లేదు. రెండోరోజూ పేపరు వచ్చింది, మూడోరోజూ వచ్చింది. నాలుగో రోజుకు నేనే అందరికన్నా ముందు లేచి, తల దువ్వుకుని, పేపరు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను. సముద్రం చూడటం కూడా అదే మొదటిసారి. అది అంతగా గుర్తు లేదు. పేపరు గుర్తుంది.

ఎనిమిదో రోజున సేటు నా ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

"రేపు కాదు, ఎల్లుండి మీటింగు. మొదలు మా అమ్మాయి పేరు చదువుతరు మేడం. చెయ్యెత్తుతరో, ఎత్తరో మీ ఇష్టం." కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని అన్నాడు, "ఆ టీచరమ్మ మంచిదే. కాని ఆమెకు మీరెప్పటికి పలక పట్టిన పిల్లనే. మీరు ఎదిగిండ్రు మేడం. అది ఆమెకు కనపడదు."

ఆ మాట ఆయన కొత్తగా అన్నది కాదు. లెక్కింపు రోజు నుంచి నాలో ఉన్నదాన్ని తీసి నా చేతిలో పెట్టాడు, అంతే. అక్క ఎన్నిసార్లు వాగు దాటి వచ్చిందో, ఎన్ని చీరలు నా వల్ల తడిశాయో ఆ పూట నాకు గుర్తు రాలేదు. రానివ్వలేదు.

మీటింగు రోజున కారు తిన్నగా మండల ఆఫీసు ముందు ఆగింది. హాలులో అక్క అప్పటికే కూర్చుని ఉంది. ఉతికి ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకుంది. నన్ను చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. తొమ్మిది రోజులు నేను ఎక్కడున్నానో తెలియక ఎంత తిరిగిందో తర్వాత విన్నాను. ఆ క్షణాన మాత్రం పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించి రమ్మని సైగ చేసింది. సేటు మనుషులు నన్ను ఆ కుర్చీ వెనక వరుసలో, తమ మెంబర్ల మధ్య కూర్చోబెట్టారు.

అధికారి పద్ధతి చదివి వినిపించాడు. ముందు లారీ డ్రైవరు భార్య పేరు చదివి, "అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి" అన్నాడు.

అయిదు చేతులు లేచాయి. నాది లేచింది.

అక్క వెనక్కి తిరిగింది. నా చెయ్యి చూసింది. కోపం రాలేదు ఆవిడకు. కుర్చీ మీంచి నా వైపు వంగి, ఇంకెవరికీ వినపడకుండా, మెల్లగా అంది.

"ఇప్పుడు గాదు చెల్లె. దించు. మన పేరు తర్వాత చదువుతరు."

నేను పొరపాటు పడ్డానని అనుకుంది. అప్పట్లో 'న'ని 'వ' అన్నట్టు. లెక్కింపు రోజున అందరి ముందూ నా సంతకం గురించి అన్నదానికి నేను చిన్నబోయానని తర్వాత గ్రహించిందేమో, ఈసారి నా పొరపాటు ఎవరి కంటా పడకుండా సర్దాలని చూసింది. నేను అధికారి వెనక గోడ మీదున్న గడియారం వైపు చూస్తూ చెయ్యి అట్లాగే ఉంచాను. అక్క ఇంకోసారి "చెల్లె" అంది. ఆ తర్వాత ముందుకు తిరిగింది. అధికారి లెక్కపెట్టి ఆరు అన్నాడు. బయట పటాకులు కాల్చారు.

తిరుగు ప్రయాణంలో కొత్త అధ్యక్షురాలు నా పక్కన కూర్చుంది. మెడలో దండలు అట్లాగే ఉన్నాయి. భర్త వేరే బండిలో ఉన్నాడు కాబట్టి మొదటిసారి నాతో మాట్లాడింది.

"అత్తా, నిజం చెప్పు, నీకు యాష్ట రాలేదా రోజు ఆ పేపర్ చదివి చదివి? మా ఆయనైతె నువ్వు పేపర్ పట్టంగనే బాత్రూంల పోయి నవ్వొచ్చెటోడు. నీ ముంగట నవ్వితే ఇంటికి పంపిస్తనన్నడు సేటు."

కావాలని అనలేదు ఆ పిల్ల. నేనూ ఆ ఆటలో ఉన్నాననే అనుకుంది. ముందు సీట్లో సేటు జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, ఫోనులో వచ్చిన మెసేజీలు చదువుకుంటున్నాడు.

దుకాణం దగ్గర కారు ఆపించి, మాకు తలా ఒక మక్క విత్తనాల సంచి ఇచ్చాడు. "వానలొస్తయి, ఏస్కో అమ్మా" అన్నాడు నాతో. మేడం అనలేదు.

వాగు ఒడ్డున నన్ను దింపేసరికి ఇంకా పొద్దు ఉంది. ఆ ఏడు వాన ఆలస్యమైంది, వాగులో చుక్క నీరు లేదు. ఇసుకలో గూడెం అంతా కూర్చుని ఉంది. ఎవరి ఫోనుకో సంగతి అప్పటికే వచ్చేసింది. మా ఇంటాయన ఒక పక్కన నిలబడ్డాడు. గూడెం పెద్దను మేమంతా తాతా అంటాం. ఆయన తువ్వాలు పరుచుకుని మధ్యలో కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా, గట్లెట్ల అయింది?"

నా చేతిలో విత్తనాల సంచి ఉంది. అది చూడగానే అబద్ధం దానంతటదే వచ్చింది. తొమ్మిది రోజులు ఊళ్ళో లేను, ఈపాటికి పండుగ అయిపోయి ఉంటుందని మనసులో లెక్క వేసుకున్నాను.

"మీటింగుకు ముందే సేటు మన పండుగ విత్తనం తెప్పిచ్చి నా దోసిట్ల పోసిండు తాత. తెలువక పట్టిన. పట్టినంక ఎదురెట్ల పోను?"

ఒక ముసలామె దగ్గింది. మా ఇంటాయన కాలి బొటనవేలితో ఇసుక గీస్తూ నిలబడ్డాడు. తాత నా ముఖం వైపు, సంచి వైపు, మళ్ళీ నా ముఖం వైపు చూశాడు.

"అవ్. విత్తు పట్టినంక ఏం జేస్తది" అన్నాడు. "లేవుండ్రి. ఎవరిండ్లకు వాళ్ళు పోండ్రి."

అందరూ లేచి తువ్వాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయారు. ఒక్కరూ ఇంకో ప్రశ్న అడగలేదు. ఇంటికెళ్ళి జొన్న గటక తాగి పడుకున్నాను. హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అయిదు రోజుల తర్వాత మబ్బు పట్టింది. పొద్దున నేను వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేసరికి మా ఇంటాయన చాటలో కందులు పోసుకుని ఏరుతున్నాడు. బయట డోలు మోగింది.

"ఏంది, మళ్ళ పండుగా?" అన్నాను.

"మళ్ళేంది? ఇంక కాలె గద. వాన జాడ లేదని ఆపిండ్రు. ఇయ్యాల చేస్తున్నరు" అన్నాడు తలెత్తకుండా.

నేను చీపురు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. పండుగ కాలేదు. అమ్మ ముందు ఆ ఏడు ఇంకా ఒక్క గింజ కూడా పెట్టలేదు. సేటు నా దోసిట్లో పండుగ విత్తనం పోశాడని నేను చెప్పిన రోజున అట్లాంటి విత్తనం లోకంలో ఎక్కడా లేదు. ఇసుకలో కూర్చుని నా మాట విన్న ప్రతి ఒక్కరికీ అది తెలుసు. పిల్లలకు కూడా తెలుసు. తాతకు అందరికన్నా బాగా తెలుసు, పండుగ ఆపింది ఆయనే.

"నువ్వన్న అప్పుడే అనకపోతివి" అన్నాను.

"పెద్దాయినె అవ్ అన్నంక నేనేమంట" అన్నాడు. చాటలోంచి పుచ్చు గింజ ఒకటి తీసి పారేశాడు.

పండుగకు వెళ్ళకూడదనుకున్నాను. కానీ ప్రతి ఇంటి గుప్పెడూ ఆ ఇంటి ఆడమనిషే తీసుకెళ్ళాలి. మా ఇంటి గింజ గంపలో పడకపోతే మా పొలం ఆ ఏడు గూడెం పొలం కాదు. కొంగు చాటున గుప్పెడు కందులు పట్టుకుని వెళ్ళాను. అందరూ ఎప్పటిలాగే మాట్లాడారు. "ఏమొదినె, కందులు మంచిగున్నయ్ గద" అంది ఒకామె. నాకు తిట్లు దొరికినా బాగుండేది. వాళ్ళు నా అబద్ధానికి చోటిచ్చి, దాని చుట్టూ నడిచి పోతున్నారు. దారిలో పడిపోయిన మనిషిని తొక్కకుండా పోయినట్టు.

గింజలు కలపడం అయ్యాక దొప్పలు పంచారు. అక్క కూడా వచ్చింది. ప్రతి ఏడూ వస్తుంది. ఆమె పుట్టినిల్లు మా గూడెమే. నేను మనుషుల వెనక్కి జరుగుతుంటే దొప్ప పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"పట్టు చెల్లె."

నా చేతులు లేవలేదు. ఆవిడే ఒక చేత్తో నా రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి, గింజలు పోసింది. జొన్నలు, కందులు, కొన్ని వడ్లు. ఒక్క గింజా కింద పడకుండా పోసింది.

"ఇగ పంట ఇంటికొచ్చేదాక నా మాటకు ఎదురు చెప్పొద్దు గద?"

తల ఊపాను.

"సోమారం నుంచి మళ్ళ క్లాసు. నువ్వు రావాలె. మానెయ్యాలని చూస్తున్నవని నాకు తెలుసు." అంతే అంది. తర్వాత వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

మండల పరిషత్ మొదటి మీటింగులో మొదటి తీర్మానం బస్టాండు పక్కన దుకాణాల సముదాయం కట్టడం గురించి. అక్క లేచి బ్రిడ్జి సంగతి అడిగింది. నేనూ లేచి ఆవిడ పక్కన నిలబడ్డాను. అజెండాలో లేనిదాని మీద చేతులెత్తడం ఉండదన్నారు. తర్వాత చూద్దామన్నారు. కొత్త అధ్యక్షురాలు తన భర్త వైపు, ఆయన కిటికీ బయట నిలబడ్డ సేటు వైపు చూశారు. రిజిస్టరు నా దగ్గరికి వచ్చినప్పుడు గబగబా సంతకం పెట్టాను. ఇప్పుడు నా కోసం ఎవరూ ఆగాల్సిన పని లేదు.

ఆ ఏడు పంట ఇంటికొచ్చింది. కట్టు తీరింది. అయినా క్లాసు మానలేదు. అప్పటి నుంచి ఇది మూడో వానాకాలం. బ్రిడ్జి లేదు. అక్క ఇప్పటికీ మూట నెత్తిన పెట్టుకుని వాగు దాటి వస్తుంది. అందులో ఇప్పుడు పలకలు కాదు, నోటుపుస్తకాలు. నీళ్ళలోంచి వచ్చి వరండాలో కుచ్చిళ్ళు పిండుకుంటుంటే, ఆ నీళ్ళు బండ మీద పడే చప్పుడు వింటూ నేను లోపల తల వంచుకుని కూర్చుంటాను. ఆ చీర తడవాల్సిన అవసరం లేకుండా చేసే చెయ్యి ఒకప్పుడు నా దగ్గర ఉంది. ఆవిడ మోకాళ్ళు ఈమధ్య నొప్పి పెడుతున్నాయి. వాగు చల్లదనానికే అంటుంది, నా వైపు చూడకుండా.

ఆ రోజు గురించి ఆవిడ ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇసుకలో చెప్పిన అబద్ధమే మా మధ్య ఉండిపోయింది. అది అబద్ధమని తనకు తెలుసని నాకు తెలుసు. కానీ ఎందుకు చెయ్యెత్తానో ఆవిడకు తెలియదు. భయపడ్డాననో, నన్ను బెదిరించారనో అనుకుని ఉంటుంది. అట్లా అనుకోవడమే ఆవిడకు సులువు. పేపరు కోసం అని, మేడం అన్న మాట కోసం అని ఎవరు ఊహిస్తారు?

పోయిన వారం అక్క మాకు ఒక పని ఇచ్చింది. "చూసి రాసుడు ఇగ చాలు. మీకు జరిగిన సంగతి ఏదన్న ఒకటి, మీ సొంతంగ రాసుకొని రాండ్రి. నేనొక్కదాన్నే చదువుత. తప్పులున్నా పర్లేదు." ఒకామె తన బర్రె తప్పిపోయిన సంగతి రాస్తానంది. ఇంకొకామె పాము గురించి. నేను నోటుపుస్తకం తీసుకుని ఇంటికి వచ్చాను.

ఆరు రోజులు పట్టింది నాకు. ఇదే అది. సేటు ఇచ్చిన విత్తనం నేను చెయ్యెత్తిన తర్వాత వచ్చిందని, అది కూడా అమ్మ ముందు పెట్టని వట్టి గింజ అని రాశాను. నన్ను ఎవరూ బెదిరించలేదని రాశాను. "ఇప్పుడు గాదు చెల్లె, దించు" అన్నప్పుడు నాకు బాగానే వినపడిందని, దించడానికి సమయం ఉందని కూడా రాశాను. ఆ ఒక్క వాక్యం రాయడానికే ఒక రోజు పట్టింది.

ఈరోజు క్లాసు రోజు. నిన్నటి నుంచి చర్ల వైపు కొండల్లో వాన పడుతోంది. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కొంగులో దోపుకుని వాగు దాకా వెళ్ళాను. ఎర్రటి నీళ్ళు ఒడ్డు ఒరుసుకుని పారుతున్నాయి. అవతలి ఒడ్డున అక్క నిలబడి ఉంది, నెత్తిన మూట ఉంది. దాటలేనని చెయ్యి అడ్డంగా ఊపింది. రెండు వేళ్ళు చూపించింది, రెండు రోజులాగి వస్తానని. నేను కొంగులోంచి సంచి తీసి పైకెత్తి చూపించాను. ఇచ్చిన పని పూర్తయిందని మాత్రమే చెబుతున్నాననుకుంది. అంత దూరం నుంచి కూడా ఆవిడ సంతోషం నాకు కనిపించింది.

ఇంటికొచ్చి ఈ నాలుగు మాటలూ చివర కలిపి రాస్తున్నాను. బ్రిడ్జి ఉండి ఉంటే అక్క ఈపాటికి చదివేసేది. నీళ్ళు తగ్గేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది.